మూడున్నర గంటలకొక చుక్క

రంగూను నగరమునకు పడమటి అంచున, హ్లైంగ్ నది ఒడ్డును ఆనుకొని యున్న అహ్లోన్ పేటలో, మా పెద్దమ్మ కాపురముండు మూడవ అంతస్తు ఇంటి ముందుగదిలో, గోడనున్న ప్లగ్గుకు తగిలించిన ఒక చిన్న గాజుసీసాకు నిలువుగా అంటించిన కాగితపు పట్టీయు, ఆ పట్టీపై పెన్సిలుతో గీసిన అడ్డగీతల వరుసయు, నేను ఆ ఇంట అడుగిడిన మొదటి సాయంకాలమే నా కంటబడినవి. ఒక్కొక్క గీత చెంత ఒక తేదీ. తేదీ ప్రక్కన ఆనాడు కరెంటు ఉన్న గంటల లెక్క. అంకెలన్నియు బర్మా అంకెలు. లెక్క చివరనున్న ‘గం.’ అను గుర్తు మాత్రము తెలుగు. దోమలమందు సీసాను ఎఱుగని ఇల్లు మన ఊళ్ళలో లేదు గనుక ఆ పరికరమును వర్ణింపనక్కఱలేదు. అదే ప్లగ్గు, అదే వత్తి, అదే చిన్న ఎఱ్ఱదీపము. లోపలి ద్రవము మాత్రము దోమను తోలునది కాక గదికి పరిమళము నిచ్చునది.

“ఈ గీతలేటి పెద్దమ్మా?” అని అడిగితిని.

“సీసా రోజుకెంత తాగుతందో సూసుకోవాలి గదా బాబూ. అయిపోతే మళ్ళీ కొనాలి. పోయిన్నెలొక రేటు, ఈ నెలొక రేటు. సీసా బాగానే ఉంది, వత్తీ బాగానే ఉంది, లోపల నూనొక్కటే గదా అయిపోయింది? మనవే పోసుకుంటే ఏటి?” అని ఆమె నన్నే తిరిగి ప్రశ్నించెను.

ఆ ప్రశ్నకు నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. రంగము అని మన ఉత్తరాంధ్రపు పల్లెలు పిలుచుకొన్న ఈ నగరమునకు కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్నము రేవులనుండి ఓడలెక్కి వచ్చి, రేవులలో, బియ్యపు మిల్లులలో, కలప అడితీలలో చెమటోడ్చిన మనవారికి, కోరంగి రేవు పేరే గుర్తింపై, బర్మాలో తెలుగువానిని ‘కోరంగీ’ అని పిలుచుట వాడుకయ్యెను. 1931 జనాభా లెక్కల నాటికి ఆ దేశమున తెలుగువారు లక్షన్నరకు పైగా ఉండిరి. 1942లో జపాను దాడికి వెఱచి కాలినడకన కొండలు దాటినవారు దాటగా, 1964 మొదలుకొని వ్యాపారములు జాతీయమైన పిమ్మట ఓడలలో తిరిగి వచ్చినవారు రాగా, మిగిలిపోయిన కుటుంబములలో మా పెద్దమ్మ అత్తవారిది ఒకటి. పొదుపు అట్టివారికి ఎవరును నేర్పవలసిన విద్య కాదు. అందులోను 2021 ఫిబ్రవరిలో సైన్యము అధికారమును హస్తగతము చేసికొనిన తరువాత అచ్చటి నాణెమైన చాట్ విలువ క్రుంగి, 2022 ఆగస్టులో ప్రభుత్వము డాలరుకు 2,100 చాట్‌లని నిర్ణయించినను బజారులో ఆ ధరకు డాలరు దొరకక, దిగుమతి సరకు ప్రతిదియు నెలనెలకు ప్రియమగుచు వచ్చెను. కావున ఖాళీసీసాను చేతబట్టుకొని ఆమె అడిగిన ప్రశ్న పిసినారితనము వలన పుట్టినది కాదు. అది శ్రద్ధగా ఉత్తరము చెప్పదగిన ప్రశ్న. సీసాను మరల నింపవచ్చును. అయితే దేనితో నింపవచ్చునో తెలియుటకు, ఆ సీసా చేయుచున్న పని యేమో ముందు తెలియవలెను.

వత్తి చేయు పని మనకు కొత్తది కాదు. ప్రమిదలో నువ్వులనూనెను పైకి తెచ్చునది వత్తియే; కిరసనాయిలు బుడ్డిలోను వత్తియే. ఇచ్చట బర్మాకును మనకును ఉన్న పాత నూనెబంధమును ఒకమాట తలచుకొనక ముందుకు పోలేను. 1886లో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీ, ఐరావతీ తీరమునందలి యెనాన్‌జౌంగ్ బావుల ముడినూనెను పెగూ నదికి ఆవలనున్న సిరియములో శుద్ధిచేసి, ఓడల మీద మన తీరమునకు పంపుచుండెను. 1928 తరువాత బర్మా షెల్ అను పేరుగల డబ్బాలు మన పల్లెల అంగళ్ళ నెక్కెను. సిరియమునందలి ఆ కర్మాగారమున చెమటోడ్చిన కూలీలలో మనవారు ఉండిరి. రంగములో కొడుకు మోసిన నూనె, గంజాములో తల్లి వెలిగించిన బుడ్డిలో కాలియుండును.

ఆ బుడ్డిలో కాలునది వత్తి యని చాలమంది అనుకొందురు. కాలునది వత్తి కాదు. వత్తి మీదుగా పైకి ప్రాకి, మంట వేడికి ఆవిరియైన నూనె. నూనె వచ్చుచున్నంతసేపు వత్తి చల్లగా నిలిచి, నూనె అయిపోయిన మరుక్షణమే మాడిపోవుట మనమందఱము చూచినదే. ప్లగ్గుకు తగిలించు పరిమళపు సీసాలోను సరిగా ఇదే జరుగును: ద్రవము వత్తిలో ప్రాకును, వత్తికొన వెచ్చబడును, ద్రవము ఆవిరియగును. ఒక్కటే భేదము. దీపములో ఆ ఆవిరి వెలుగును. ఇచ్చట వెలుగక గదిలో కలిసిపోవును. అది మంట లేని దీపము. మంట పుట్టకుండ ఆవిరి మాత్రము పుట్టునట్లు వత్తిని, వేడిని, ద్రవమును ఒకదానికొకటి సరిపోవునట్లు కూర్చుటలోనే దానిని చేసినవాని నేర్పంతయు ఉన్నది. ఆ మూడింటిలో ద్రవమును మార్చిన గృహిణి, తెలిసియో తెలియకయో, ఆ కూర్పును తన చేతిలోనికి తీసికొనుచున్నది.

వత్తి వలన ద్రవము పైకి ప్రాకుటను శాస్త్రము కేశనాళికా చర్య అని పేర్కొనును. వత్తియనగా సన్నని రంధ్రముల మోపు. రంధ్రము గోడకు ద్రవము అంటుకొని పైకి లాగబడుచుండగా, ద్రవపు బరువు క్రిందికి లాగుచుండును. రెండును సమమగుచోట ప్రాకుట ఆగును. నాళము ఎంత సన్ననిదైన ద్రవము అంత యెత్తు ప్రాకునని 1718లో ఆంగ్ల వైద్యుడు జేమ్స్ జూరిన్ నిరూపించెను. మిల్లీమీటరులో పదవవంతు వ్యాసార్ధముగల గాజునాళములో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కును. సుగంధతైలముల తలతన్యత నీటి తలతన్యతలో సగమునకు తక్కువ గనుక అవి అంత యెత్తు ఎక్కలేవు. కాని పరిమళపు సీసా ఎత్తు అయిదాఱు సెంటీమీటర్లే గనుక ఎక్కవలసినదియు అంతగా లేదు. ఎంత ఎత్తు ఎక్కుననునది ఒకటి, ఎంత వేగమున ఎక్కుననునది మఱియొకటి. చిక్కని ద్రవము సన్నని రంధ్రములో ఎక్కగలిగినను తేనెవలె మెల్లగా ఎక్కును. వత్తికొనకు అందవలసిన వేళకు అందదు. వంటనూనెను సీసాలో పోసినవారు మొదట తెలిసికొనునది ఇదే.

ఇక వేడి సంగతి. ద్రవములన్నియు ఒకే తొందరతో ఆవిరి కావు. ద్రవము ఆవిరియగు ఉత్సాహమును కొలుచునది బాష్పపీడనము. 25 డిగ్రీల వద్ద నీటి బాష్పపీడనము పాదరసపు కొలతలో సుమారు 24 మిల్లీమీటర్లు, స్పిరిట్టుది దాదాపు 60. నిమ్మతొక్కలకు ఆ వాసన నిచ్చు లిమోనీన్‌ది రెండు మిల్లీమీటర్లకు లోపు. మల్లెలోను లావెండరులోను ఉండు లినాలూల్‌ది అందులో పదవవంతు మాత్రమే. వెనిల్లా పరిమళమునకు మూలమైన వెనిలిన్‌ది లినాలూల్ కంటె వెయ్యిరెట్లకు పైగా తక్కువ. వేడి పెరిగిన కొలది ఈ పీడనము వడ్డీమీద వడ్డీవలె పెరుగును; స్థూలముగా పది డిగ్రీలకు రెట్టింపగునని చెప్పవచ్చును. అందుచేత ప్లగ్గులోని చిన్న వేడిచుట్టు ద్రవమును మరిగింపనక్కఱలేదు. మరుగు వేడికి చాల దిగువననే వత్తికొనను వెచ్చబఱచిన చాలును. ఆ చుట్టు త్రాగు కరెంటు కొద్ది వాట్లకు మించదు. మూడు వాట్లనుకొన్నచో నెలంతయు రేయింబవళ్ళు వెలిగినను రెండు యూనిట్ల పైచిలుకు మాత్రమే.

పెద్దమ్మ పట్టీని ముందుంచుకొని నేనొక లెక్క వేసితిని. సీసాలో పట్టునది 20 మిల్లీలీటర్లు. అట్టపెట్టెమీద 60 దినములు వచ్చునని వ్రాసియుండెను. అనగా 1,440 గంటలు. మిల్లీలీటరుకు ఇరువది చుక్కలని మందుల అంగడివారి లెక్క. ఆ లెక్కన సీసాలో 400 చుక్కలు. మూడున్నర గంటలకు మించిన కాలమునకు ఒక చుక్క. ఒక గదినంతటిని వాసనతో నింపునది అంత స్వల్పమైన పదార్థమా యని నాకు ఆశ్చర్యము కలిగెను. మన ముక్కు చేయు పని అంత గొప్పది. వాసనలను పట్టు గ్రాహకముల కుటుంబమును 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను శాస్త్రజ్ఞులు కనుగొని 2004లో నోబెల్ బహుమానమును పొందిరి. మనుష్యునిలో అట్టివి సుమారు నాలుగువందల రకములు పనిచేయుచున్నవి. పెద్దమ్మ మాత్రము నా లెక్కలో తప్పు పట్టెను.

“అరవై రోజులని ఆడు రాసేడు గాని, నాకు నాలుగు నెల్లకి ఓ పది రోజులు తక్కువొచ్చింది. కరెంటు లేన్నప్పుడు అదీ తొంగుంటాది గదా!”

అహ్లోన్ పేటలోనే సహజవాయువుతో నడుచు విద్యుత్కేంద్రము ఉన్నను, కరెంటు ఆ పేటకును నాలుగు గంటలుండి నాలుగు గంటలు పోవు వంతుల మీదనే వచ్చుచుండిన రోజులవి. దినమునకు పండ్రెండు గంటలే వెచ్చదనము. సీసా నూటయిరువది దినములు రావలెను. పది తక్కువగా వచ్చినది. ఆ పదిదినముల వెలితి ఎచటికి పోయినదని అడిగిన, చల్లారిన వత్తియు పూర్తిగా నిద్రింపలేదు, ముప్పది డిగ్రీల రంగూను గాలిలో కొంచెము కొంచెముగా ఆవిరియగుచునే యుండెనని ఆమె పట్టీయే చెప్పుచుండెను. ఈ సంగతిని నేను ఏ గ్రంథములోను చదివి తెలిసికొనలేదు. ఆమె గీతల నడిమి దూరములను చూచి తెలిసికొంటిని.

మఱునాటి ఉదయము సీసాను విప్పితిమి. వత్తిని పట్టుకొనియున్న ప్లాస్టిక్ బిరడాను కత్తిమొనతో చుట్టును మెల్లగా ఎత్తి, పట్టుకారతో తిన్నగా పైకి లాగగా, ‘టప్పు’మని ఊడివచ్చెను. తిప్పి లాగినచో వత్తి విఱుగునని ఆమెకు ముందే తెలియును, ఒకటి విఱుగగొట్టినట్లున్నది. వెలుతురున పట్టి చూచిన ఆ వత్తి క్రింది భాగము తెల్లగానే యుండెను, నడుమ పసుపు, కొనన అరంగుళము మేర బెల్లపు పాకము మాడిన రంగు. గోటితో గీచిన జిగటగా అంటుకొనెను. సీసా అడుగున మిగిలిన నాలుగైదు చుక్కలను వాసన చూచితిని. అట్టమీద బొమ్మగా ఉన్న మల్లె వాసన లేదు, చవిచెడ్డ తీపివాసన మాత్రమున్నది.

ఇది ఏల జరుగును? సుగంధము ఒక పదార్థము కాదు, పదులకొలది పదార్థముల మిశ్రమము. మిశ్రమములో ప్రతి పదార్థమును తన పాలును, తన ఉత్సాహమును బట్టి ఆవిరియగునని 1887 ప్రాంతమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రౌల్ట్ నియమము చెప్పెను. తేలికవి ముందు పోవును, బరువైనవి వెనుకబడును. అవి వత్తికొనలో ప్రోగుపడి, వెచ్చదనమునకును గాలిలోని ప్రాణవాయువునకును లోనై, క్రమక్రమముగా జిగురుగా మారును. ఆ జిగురే వత్తి రంధ్రములను మూయును. కావున “వత్తి బాగానే ఉంది” అన్న పెద్దమ్మ మాటలో సత్యము సగమే. వత్తి పైకి బాగుగనే యుండును, లోపల దాని దారులు పూడియుండును. పాత సీసాలో కొత్త ద్రవము పోసినవారు “వాసన రావడం లేదు, పోసిన నూనె మంచిది కాదు” అని నూనెను నిందింతురు. నింద వత్తికి చెందవలెను.

దేనిని పోయరాదో చెప్పుటకు నాకు ఎక్కువ స్థలము కావలెను. ఏలయన ప్రమాదములన్నియు ఇచ్చటనే యున్నవి, ఇంటింటి చిట్కాలును ఇచ్చటనే యున్నవి.

నీటిలో నాలుగు చుక్కల అత్తరు కలిపి పోయుట అందఱకును మొదట తోచు ఉపాయము. నూనెయు నీరును కలియవు. అత్తరు పైకి తేలును, వత్తి క్రిందికొన నీటిలో మునిగియుండును, గదికి నీటియావిరి మాత్రము దక్కును. ఒకసారి నూనె త్రాగిన వత్తి నీటిని సరిగా పీల్చను కూడ పీల్చదు. పీల్చిన కొంచెములోను కొళాయినీటి లవణములు వత్తికొనన తెల్లని పొట్టుగా మిగిలిపోవును. ఇవన్నియు సహింపవచ్చును, కరెంటు పారు ప్లగ్గులో నీటిసీసాను తలక్రిందుగనో పక్కవాటుగనో తగిలించుటను మాత్రము సహింపరాదు.

స్పిరిట్టు అంతకంటె చెడ్డది. ద్రవముమీద లేచిన ఆవిరి, ఒక నిప్పురవ్వ సోకిన భగ్గుమను కనిష్ఠమైన వేడిని ఫ్లాష్ పాయింట్ అందురు. స్పిరిట్టుకు అది సుమారు 13 డిగ్రీలు. రంగూనులో పుష్యమాసపు తెల్లవారుజామున సైతము గాలి అంత చల్లబడదు; ఏప్రిల్ మధ్యాహ్నములలో 37 డిగ్రీలు అరుదు కాదు. అనగా ఆ సీసా మూతికడ ఆవిరి సంవత్సరమంతయు రవ్వకొఱకు ఎదురుచూచుచుండును. వదులైన సాకెట్టులో ప్లగ్గు పెట్టునపుడు చిటుక్కుమని మెఱయు నీలిరవ్వను చూడనివారెవరు? దినమునకు మూడుమార్లు కరెంటు పోయి వచ్చు ఊరిలో ఆ రవ్వకు అవకాశములు మెండు. మంట లేని దీపమునకు మంటను మనమే అందించినట్లగును.

కిరసనాయిలులో కర్పూరము కరగించి దోమలమందు సీసాలో పోయుట మన ఆంధ్రదేశమున విరివిగా ఉన్న చిట్కా. వేపనూనెలో కర్పూరము కలుపుట దానికి చెల్లెలు. నా మేనత్త కొడుకు విజయనగరములో ఏండ్ల తరబడి చేసినాడు. దోమలమందు సీసాలలోని ద్రావకమును కిరసనాయిలు జాతిదే గదా యని అతని వాదము. జాతి ఒకటే; కాని మందు చేయువారు వాడునది వాసనయు తేలిక అంశములును తీసివేసి శుద్ధిచేసినది. దీపపు కిరసనాయిలుకు ఫ్లాష్ పాయింట్ 38 డిగ్రీల వద్దనే మొదలగును. దాని ఆవిరిని మూసిన పడకగదిలో రాత్రియంతయు పీల్చుట ఊపిరితిత్తులకు మేలు చేయదు. కర్పూరము పసిపిల్లల కడుపులోనికి పోయినచో, ఒక గ్రామునకు లోపే మూర్ఛలు తెప్పింపగలదు; పలుచని సీసాలో నీళ్ళవలె కనబడు ద్రవము పిల్లల చేతికి అందుచోట ఉండుట ఎంత ప్రమాదమో వేఱుగా చెప్పనేల? ఇక వేపనూనె, కొబ్బరినూనె, నువ్వులనూనె అనునవి ఆవిరియే కావు. కొవ్వులు వెచ్చదనమునకు చెడును గాని ఎగిరిపోవు. వత్తి పది దినములలో పూడిపోవుటయే వాని ఫలము.

మఱి ఏది పోయవలెను? సుగంధమును తనలో కలుపుకొనుచు, వత్తిలో సులువుగా ప్రాకుచు, సుగంధముతోపాటు ఇంచుమించు అదే తొందరతో ఆవిరియగుచు, ఫ్లాష్ పాయింట్ ఎక్కువగా ఉండు ద్రావకము కావలెను. అత్తరు వ్యాపారులు సాధారణముగ వాడు డైప్రొపిలీన్ గ్లైకాల్ క్షేమమైనదే, దాని ఫ్లాష్ పాయింట్ 120 డిగ్రీలకు మించును. కాని చిక్కనిది, వత్తిలో ఈడ్చుకొనుచు నడుచును. దానికి దగ్గఱి బంధువైన డైప్రొపిలీన్ గ్లైకాల్ మిథైల్ ఈథర్ పలుచనిది, 190 డిగ్రీల దగ్గఱ మరుగును, ఫ్లాష్ పాయింట్ సుమారు 75 డిగ్రీలు. కర్మాగారముల సీసాలలో ఇట్టి ద్రావకములే తఱచుగా ఉండును. రసాయనముల అంగడిలో ఇది లీటరులెక్కన దొరకును. నగర మధ్యమునందలి ఒక అత్తరు దుకాణములో పెద్దమ్మకు మొగలి పరిమళము కనబడెను. అది కనబడిన పిదప ఆమె వేఱొక సీసా మూత తీయనీయలేదు.

మొగలికి ఆమె ప్రాణము పెట్టుటకు కారణమున్నది. గంజాము సముద్రతీరపు మొగలిపొదలు ఈనాటికిని మన దేశములో మొగలి అత్తరుకు పుట్టినిండ్లు. ఆమె తల్లి ఆ ప్రాంతపు ఆడుబడుచు. మొగలి పరిమళములో పెద్దపాలు ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అను ఒకే పదార్థము. అది తేలికది, రంధ్రములను పూడ్చు జిగురు తక్కువది. కావున వత్తికి అనుకూలమైనదియు. నిమ్మ, నారింజ తైలములైనచో నేను జంకెడివాడను. వాని లిమోనీన్ కొన్ని ప్లాస్టిక్కులను, ముఖ్యముగ పాలీస్టైరీనును, మెత్తబఱచును. చిందిన చోట ప్లగ్గు పెంకు జిగురుగా మారును.

ఒక పాలు మొగలి, మూడు పాళ్ళు ద్రావకము. సూది తీసివేసిన సిరంజితో సీసా మూతికి రెండు వ్రేళ్ళు తక్కువగా నింపితిమి. నింపినది నేనే, అంగుళము అంగుళమునకు “సాలు సాలు” అనుచు నిలుచున్నది ఆమె. నిండుగా పోసిన సీసా వెచ్చబడి వ్యాకోచించినపుడు వత్తి ప్రక్కనుండి కారి ప్లగ్గులోనికి దిగును. వత్తుల విషయమున అదృష్టము కలిసివచ్చెను: మూత సడలి రవాణాలో సగము కారిపోయినందున చవుకగా దొరికిన మఱియొక సీసాలో కొత్త వత్తి యుండెను. కావున రెండు సీసాలలో ఒకే ద్రవమును పోసి, ఒకదానికి కొత్త వత్తిని, రెండవదానికి పాత వత్తిని బిగించితిమి. రెండింటికిని పట్టీలు అంటించి, ‘ఇది తాగునది కాదు’ అని ఎఱ్ఱసిరాతో తెలుగునను, ఆమె మనుమరాలి చేత బర్మాభాషలోను వ్రాయించితిమి.

పరిమళము గాలిని శుద్ధిచేయునని అనుకొనువారికి ఒకమాట చెప్పవలెను. చేయదు, గాలిలో మఱికొన్ని పదార్థములను కలుపును. లిమోనీన్ వంటివి గాలిలోని ఓజోనుతో కలిసి స్వల్పముగా ఫార్మాల్డిహైడును, కంటికి కనబడని సూక్ష్మకణములను పుట్టించునని పరిశోధనలు స్థిరపఱచినవి. ఉబ్బసముగలవారి గదిలో, పసిబిడ్డ ఊయల దగ్గఱ వీనిని పెట్టరాదు. పిల్లుల కాలేయము ఇట్టి పదార్థములను విఱిచివేయు శక్తిలో వెనుకబడినది గనుక పిల్లులున్న ఇంట కిటికీ మూసి వెలిగింపరాదు. రంగూను మెట్లమీద పిల్లి లేని ఇల్లు నాకు కనబడలేదు. ఇక మన ముక్కు కొన్ని నిమిషములలోనే ఒకే వాసనకు అలవాటుపడి దానిని చెప్పుట మానివేయును. వాసన తగ్గినదని తిరుగుడుమీటను పెంచుకొనుచు పోవువారు సీసాను ఖాళీచేయుదురు గాని ముక్కును మేల్కొల్పలేరు. గది వెలుపలికి పోయి పావుగంటకు తిరిగి వచ్చినవాని ముక్కే సరియైన న్యాయాధిపతి.

ఆ ఇంటి అసలు వాసన మఱియొకటి. రంగూనులో ఏటికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన, అందులో అధికభాగము మే నడుమనుండి అక్టోబరు లోపల కురియును. ఆఱు నెలలు గోడలు చెమర్చును, బీరువాలో చీరలు బూజువాసన కొట్టును. ఆ వాసనను మొగలితో కప్పుటకంటె, బీరువాను గోడకు జానెడు దూరము జరిపి, వెనుక గోడను సున్నపు తేటతో తుడిచి, ఎండ కాసిన గంటలో తలుపులు బారుగా తెఱచుట మేలని నేను చెప్పితిని. జరుపుటకు ఇద్దఱము పట్టితిమి. బీరువా వెనుక గోడమీద మనిషి ఎత్తున నల్లని బూజుమచ్చ యుండెను. మన పాతయిండ్లలో వేసవికి కట్టిన వట్టివేళ్ళ తడికలు జ్ఞప్తికి వచ్చెను. నీరు చల్లగా వేళ్ళ సందుల అదే కేశనాళికా చర్యతో ప్రాకి, ఆవిరియగుచు గాలిని చల్లబఱచి, పరిమళమును వెంటగొని వచ్చెడిది. ప్లగ్గు లేదు, వేడిచుట్టు లేదు. రంగూను వానకాలపు తేమలో ఆ తడిక ఆరదు గనుక ఇచ్చట అది పనికిరాదని పెద్దమ్మ తలయూపెను. ఆమె మాట నిజము. అట్లు తలయూపుచునే సానరాతిమీద థనాకా అను చెట్టు చెక్కను అరగదీసి బుగ్గలకు రాసికొనెను; ఆ పేట ఆడువారందఱివలె ఆమెకును అదే ఉదయపు పరిమళము.

ఆ రాత్రి తొమ్మిదింటికి కరెంటు వచ్చెను. రెండు సీసాల ఎఱ్ఱదీపములు ముందుగదిలో ఒకటి, వెనుకగదిలో ఒకటి వెలిగినవి. పది నిమిషములకు ముందుగది గుమ్మమువద్ద మొగలి తెలియవచ్చెను. పెద్దమ్మ పట్టీలమీద మొదటి గీతలు గీసి, తేదీ వేసి, పెన్సిలును చెవిమీద దోపుకొనెను.

నేను విశాఖపట్టణము చేరిన మూడవ వారమున ఆమె ఫోను చేసెను. “కొత్త వత్తి సీసాకి గీత గీతకీ ఒకటే దూరం ఉందిరా, కొన్నప్పటి సీసా లాగే. పాత వత్తిది మొదటి నాలుగు రోజులూ బాగానే తాగింది. ఆ తర్వాత గీతలు దగ్గరకొచ్చేసేయి. నిన్న రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.”